చుక్కకూ చుక్కకూ మధ్య

మా అమ్మాయి వేళ్ళు మాట వినడం మానేశాక ఆమె స్లైడ్లు నేనే టైపు చేశాను. స్లైడంటే అప్పటికి నాకు తెలిసింది ఒకటే, ఆదివారం ప్రార్థన ఇంట్లో గోడ మీద వెలుతురుగా పడే పాట. మా అమ్మాయివి పాటలు కావు. ఆమె ఇక్కడ మలేసియాలోనే, సైబర్‌జయలో ఒక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తోంది. మా ఊరు బంటింగ్ చుట్టుపక్కల పీట్ నేల ఉంది. ఆకులూ వేర్లూ నీళ్ళలో మురిగి మురిగి పేరుకున్న నల్లటి నేల. పామాయిల్ తోటల కోసం అందులో కాలవలు తవ్వితే అడుగున నీరు ఎంత దిగిపోతుందో, నేల ఎలా కుంగుతుందో, ఎండితే ఎలా అంటుకుంటుందో, అదీ ఆమె చదువు. పుస్తకం రాయడం అయిపోయింది. మిగిలింది పరీక్షకుల ముందు కూర్చుని, చేసినదంతా నోటితో చెప్పి, అడిగినదానికి జవాబివ్వడం. దాన్ని వైవా అంటారు.

జబ్బు నరాలది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి అని కౌలాలంపూర్ ఆసుపత్రిలో డాక్టరు వరస చెప్పాడు. మందు లేదన్నాడు. జబ్బు ఆ వరస తప్పలేదు. కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, మాట ముద్దకట్టడం మొదలైంది. వైవా ముందొస్తుందా, గొంతు ముందు పోతుందా అన్నదొక్కటే ఆ రోజుల్లో మా ఇంట్లో సంగతి. వంటా, స్నానమూ, మందులూ అన్నీ దాని చుట్టూ తిరిగేవి.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆలస్యంగా. ఎస్టేటులో పుట్టి, అక్కడే పామాయిల్ గెలల నుంచి రాలిన పళ్ళు ఏరుకుంటూ పెరిగాను. బడి మొహం చూడలేదు. ఎస్టేటు అమ్మేశాక బంటింగ్‌లో గ్లౌజుల ఫ్యాక్టరీకి వచ్చి, భర్త పోయి, జుట్టు నెరిశాక మా పాస్టరమ్మ పాటల పుస్తకం ముందు పెట్టి తెలుగు దిద్దించింది. ఇంగ్లీషు అక్షరాలు ఫ్యాక్టరీలో అట్టపెట్టెల మీద చూసి, మా అమ్మాయిని అడిగి పట్టుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను కాబట్టి చదువు వచ్చిందనే అనాలి. కానీ నా చదువుకి ఒక అవిటితనం ఉంది. వేలు ఆనించకపోతే వరస తప్పుతాను. పై వరసలో మొదలుపెట్టి కింది వరసలోకి జారిపోతాను. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్ళకి ఇది ఎంత చెప్పినా అర్థం కాదు.

ఆమె స్లైడ్లు చేసే ప్రోగ్రాము ఆఫీసుల్లో వాడే మామూలుది కాదు. ఒక పక్క మాటలూ ఆజ్ఞలూ కలిపి రాయాలి. ఒక మీట నొక్కితే అది వాటిని అచ్చు పుస్తకంలా పేర్చి ఇంకో పక్క చూపిస్తుంది. ప్రతి అంశం ముందు వెనక్కి వాలిన గీత ఒకటి, దాని పక్కన 'ఐటెమ్' అన్న మాట. పేర్చిన పేజీలో అది నల్ల చుక్కగా మారుతుంది. మా అమ్మాయి చక్రాల కుర్చీలో తల వెనక్కి ఆనించుకుని చెప్పేది, నేను ఒక్కో అక్షరం వెతికి కొట్టేదాన్ని.

మొదటి రోజుల్లో ఒకసారి, "సుక్కకీ సుక్కకీ కొంచెం ఎడం పెట్టమ్మా. ఇరుగ్గా ఉన్నాది," అంది.

నేను రెండు చుక్కల మధ్యకి వెళ్ళి ఎంటర్ మీట టపటపా కొట్టాను. రాసే పక్కన బోలెడు ఖాళీ వచ్చింది. పేర్చే మీట నొక్కాను. పేజీ ముందున్నట్టే ఉంది, రవ్వంత కూడా కదల్లేదు.

"ఏటి సేసినావమ్మా?"

"ఎడం పెట్టినాను. సూడు, ఎంత ఖాళీ ఒగ్గేసినానో."

"అది నీకు కనబడతాది. దానికి కనబడదు లా. నువ్వెంత ఖాళీ ఒగ్గినా అది లెక్కసెయ్యదు. ఎంత ఎడం కావాలో రాసి సెప్పాలి." మాట చివర ఆ 'లా' ఇక్కడి మలాయ్ వాళ్ళ అలవాటు, ఆమెకీ అంటుకుంది.

"కళ్ళెదటున్న ఖాళీకి మళ్ళీ సెప్పడమేటే?"

"ఎస్టేటు మేనేజరు అనుకో. ఎదట నిలబడినా సరే, కాయితం మీద ఉంటేనే మనిషున్నట్టు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది గానీ అప్పటికే నవ్వితే పొలమారేది. వీపు నిమిరి, గడ్డం తుడిచి, ఆమె చెప్పిన ఆజ్ఞ రాశాను. వెనక్కి వాలిన గీత, ఇంగ్లీషు మాట, వంకర బ్రాకెట్లలో ఒక అంకె. పేర్చే మీట నొక్కితే చుక్కలు ఒకదాని నుంచి ఒకటి దూరంగా జరిగాయి. ఆ అంకె మారిస్తే ఎడం మారుతుంది. నాకు ఆ ప్రోగ్రాములో పూర్తిగా అర్థమైంది అదొక్కటే.

మా ఆయన అక్క, మా వదిన, ఎదురు ఫ్లాటులోనే ఉంటుంది. చేపల పులుసు గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఓలమ్మా, పిల్ల కుర్సీలో పడుంటే నువ్వా డబ్బా ముందు కూకుని ఏటి సేస్తన్నావు? అది దానికి గంజి తాగిస్తాదేటి?"

"గంజి తాగినాది వదినా. ఎడం సరిసేస్తన్నాను."

"ఏ ఎడం?"

"ఈ వరసకీ ఆ వరసకీ."

"మొక్కకీ మొక్కకీ ఎడం కొలిసినాం, అందులో అర్థముంది, సెట్టు ఎదుగుతాది. మాటకీ మాటకీ ఎడం పెడితే ఏటి ఎదుగుతాది?"

"డాక్టర్ని అయిపోతాను అత్తా," అంది మా అమ్మాయి.

వదినకి ఆ మాట అందలేదు. నా మొహం చూసింది. "డాక్టర్ని అయిపోతానంటంది," అన్నాను.

"ఏ డాక్టరు? తన రోగం తనకే తగ్గనోల డాక్టరా?" అనేసి, తను అన్నది తనకే వినబడి, గిన్నె బల్ల మీద పెట్టి మొహం తిప్పుకుంది. మా అమ్మాయి మాత్రం కుర్చీలో ఊగిపోతూ నవ్వింది. అత్త నోరు ఆమెకి ఎప్పుడూ ఇష్టమే.

నేను అప్పుడు గమనించింది ఆ నోటిని కాదు. ఎత్తుకుని పెంచిన అత్తకే మా అమ్మాయి మాట అర్థం కావడం మానేసింది.

కొన్నాళ్ళకి ఆమె గైడు మా ఇంటికి వచ్చింది. మలాయ్ ఆవిడ, నెమ్మదైన మనిషి, నన్ను 'మక్‌చిక్' అని పిలిచేది, అత్తా అన్నట్టు. మా అమ్మాయి మొదటి స్లైడు చెప్పింది. గైడు ముందుకు వంగి, కళ్ళు మూసుకుని, మొత్తం విని, కళ్ళు తెరిచి తెర మీది అక్షరాలకేసి చూసింది. ఆమెకి మాట అందలేదని తెలిసింది. తర్వాత మెల్లిగా, ఫోనులో రాసినదాన్ని చదివే గొంతు ఉంటుంది కదా, ముందే అన్నీ దాంట్లో పెట్టేసుకుంటే ఎలా ఉంటుందని అడిగింది.

మా అమ్మాయి నా వైపు తిరిగి తెలుగులో అంది. "ఆ ఫోను పిల్ల ఎమ్మార్టీ రైల్లో తలుపులు మూసుకుంటన్నాయని సెప్పినట్టు సెప్తాది. అది సదివితే డిగ్రీ దానికే ఇచ్చేస్తారు. ప్రశ్నలకి జవాబెవరు సెప్తారు? నాను టైపు కొట్టాలా?"

నేను దాన్ని నాకొచ్చిన మలాయ్‌లో గైడుకి చెప్పాను. గైడు నన్నే చూస్తూ ఉండిపోయింది. "మక్‌చిక్‌కి అన్నీ అర్థమవుతున్నాయా?"

అర్థం కావడం వేరు, మాట తెలియడం వేరు. మా అమ్మాయి నోటి నుంచి వచ్చిన శబ్దం ఏ మాటో నాకు తెలిసేది. ఇంగ్లీషు మాట అయితే దాని అర్థం చాలాసార్లు తెలియదు. గైడుకి అదే చెప్పాను. అర్థంతో పనిలేదు, వైవాలో ఆమె అన్న మాట మీరు పైకి అంటే చాలంది.

ఆ పని మా వాళ్ళకి కొత్త కాదు. ఎస్టేటు రోజుల్లో మా ప్రార్థన ఇంట్లో పాటల పుస్తకం ఒకటే, అది చదవగలిగినవాడూ ఒక్కడే. ఆయన ఒక్కో వరస మాటగా అందించేవాడు, మేమందరం అందుకుని పాడేవాళ్ళం. మళ్ళీ ఇంకో వరస. సగం మాటలు పుస్తకాల తెలుగు, మాకు తెలిసేవి కావు. అయినా అందుకున్నవాళ్ళు ఒక్క మాట కూడా మార్చేవాళ్ళు కారు. అందరికీ పుస్తకాలు వచ్చాక కూడా ముసలివాళ్ళకి అలా అందిస్తేనే పాట నోరెక్కుతుంది.

విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. అభ్యర్థి చెప్పిన ప్రతి వాక్యాన్నీ తల్లి పైకి చెప్పవచ్చు, ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట తీయకూడదు అని రాసి పంపారు. ఇదేదో కొత్త నియమం అన్నట్టు రాశారు.

పాస్టరమ్మ ప్రొజెక్టరు ఇచ్చింది. వారంలో ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు ప్రార్థన ఇంట్లో గోడ మీద స్లైడు వేసి, కుర్చీ పక్కన నేను నిలబడి, మా అమ్మాయి అందిస్తుంటే అందుకున్నాను. మొదటిరోజే నా నోరు పాత అలవాటులో పడిపోయింది. పీట్ నేల, కాలవల లోతు, నీటిమట్టం అన్నీ కీర్తన రాగంలోకి వెళ్ళిపోయాయి. రాగం వదిలించుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. రెండో తప్పు ఇంకా అన్యాయం. అందించినదేదైనా అందుకోవడమే కదా అలవాటు. నాలుగు ఇంగ్లీషు ముక్కల తర్వాత ఆమె "అమ్మా, ముక్కు దురద," అంది. నేను గోడకేసి చూస్తూ, అదే గొంతుతో, "అమ్మా, ముక్కు దురద," అన్నాను.

వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటున్న గైడు తలెత్తింది. "ముక్కుదురద? ఇది పుస్తకంలో లేదే. కొత్త కొలతా?"

ఆ రోజు మా అమ్మాయి నవ్వాపుకోలేక ఊపిరి అందక భయపెట్టింది. అంత నవ్వు మళ్ళీ వినలేదు.

అసలు కష్టం వేరే ఉంది. ఆమె శబ్దం సగం, గోడ మీద అక్షరం సగం కలిపితేనే నాకు ఆ పెద్ద ఇంగ్లీషు మాటలు పలికేవి. చెవి ఆమె దగ్గర, కన్ను గోడ మీద. ఇంట్లో తెర మీద వేలు ఆనించి చదివేదాన్ని. గోడ మీదకి వేలు అందదు. చుక్కల మధ్య ఎడం చాలక నా కన్ను జారిపోయేది. ఆమె రెండోది అందిస్తుంటే నేను మూడోదానిలో మొదటి మాట అందుకునేదాన్ని.

"అమ్మా, నా మాట ఇంటన్నావా, గోడ సదువుతున్నావా?"

"రెండూను."

"రెండూ కుదరట్లేదు. ఎడం పెంచు."

అంకె పెంచాను. మళ్ళీ గోడ మీద వేశాం. కొంచెం నిలిచాను, మళ్ళీ జారాను. ఇంకా పెంచు అంది. ఇంకా పెంచాను. ఈసారి ఒక్క వరస కూడా తప్పకుండా చెప్పాను. చివరిది అయిపోయిందనుకుని ఆగాను. మా అమ్మాయి మాత్రం ఇంకోటి అందిస్తోంది. గోడ మీద అది లేదు.

ఎడం పెంచితే అడుగున ఉన్న చుక్క పేజీ అంచు దాటి కిందికి పోయింది. ప్రోగ్రాము ఆగలేదు, అరవలేదు. ఎక్కడో అడుగున సన్నగా ఒక హెచ్చరిక రాస్తుందట, అది చూసే అలవాటు నాకు లేదు. పైనున్నవి పొందిగ్గా పరిచి, పట్టనిదాన్ని పేజీ కిందికి వదిలేసింది.

"ఇంకో పేజీ పెట్టకూడదా?" అన్నాను.

"ఇన్ని పేజీలని వాళ్ళు కట్టడి పెట్టినారు కదమ్మా."

"అక్షరం చిన్నది సేస్తే?"

"నీకు కనబడదు."

ప్రార్థన ఇంటి ఫ్యాను తిరుగుతోంది. గోడ మీద వెలుతురు పెట్టె అలాగే ఉంది.

"మూడోది తీసెయ్యి," అంది.

మూడోది ఏమిటో నాకు తెలియదు. టైపు చేసింది నేనే అయినా తెలియదు. కానీ దాన్ని చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎలా లేచేదో తెలుసు. ఎన్నో ఎండల్లో ఆ తోటల్లో నీటిమట్టం చూసే గొట్టాలు పాతి, దోమల్లో నిలబడి కొలిచి తెచ్చిన సంగతి అయి ఉంటుంది.

"ఒద్దే. ఎడం తగ్గించు. నాను ఒరస పట్టుకుంటాను. రోజూ సదువుతాను."

"అది పుస్తకంలో ఉన్నాది లా. ఎక్కడికీ పోదు. తీసెయ్యి."

తీసేశాను. అడుగున దాక్కున్న చుక్క పైకి వచ్చింది. అలా ప్రతి స్లైడుకీ చేశాం. వారాలు గడిచేకొద్దీ ఆమె మాట ఇంకా ముద్దయింది. నేను గోడ మీద ఇంకా ఎక్కువ ఆధారపడవలసి వచ్చింది. నా కన్నుకి ఇంకా ఎడం కావలసి వచ్చింది, ఎడానికి ఇంకో చుక్క పోయింది. నిండా వరసలతో మొదలైన పేజీలు చివరికి మూడేసి మాటలతో మిగిలాయి. ఒక పేజీ చూసి గైడు, "ఇంత తక్కువ చెబితే వాళ్ళు అడిగేది ఎక్కువవుతుంది," అంది. మా అమ్మాయి "అడగనీ," అంది. నేను "అడగనీ," అన్నాను.

వైవా రోజు వాన లేదు. పాస్టరమ్మ భర్త వ్యాను తెచ్చాడు. సైబర్‌జయలో ఆ భవనమంతా అద్దాలు, లోపల చలి. మా అమ్మాయి భుజాల మీద నా స్వెట్టరు కప్పాను. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. వారిలో బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, చైనీస్ మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర. గైడు గోడ పక్కన కూర్చుంది. ఆమె మాట్లాడకూడదట.

స్లైడ్లు బాగానే జరిగాయి. ఆమె అందించింది, నేను అందుకున్నాను. ఒక్క వరస కూడా జారలేదు. మధ్యలో ఆమె ఊపిరి కోసం ఆగినప్పుడు వాళ్ళు ఆగారు. చివరి పేజీ అయ్యాక నా బ్లౌజు వీపంతా తడిసి ఉంది, ఆ చలిలో.

తర్వాత ప్రశ్నలు. ఇక గోడ మీద చూడడానికి ఏమీ లేదు. ఆమె శబ్దం ఒక్కటే నాకు ఆధారం. రెండు మూడు ప్రశ్నలు దాటాయి. నాకు తెలియని మాటలు తడబడుతూ చెప్పాను, వాళ్ళు తలూపారు.

పెద్దాయన పుస్తకం తెరిచి ఒక పట్టిక మీద పెన్ను ఆనించాడు. చివరి ఎండాకాలంలో దూరంగా ఉన్న గొట్టాల కొలతలు లేవేం, అని అడిగాడు. 'వెళ్ళడం కుదరలేదు' అని మాత్రం రాశారు, ఎందుకు కుదరలేదు? అధ్యాయమంతా ఆ కాలం మీదే నిలబడింది కదా. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

మా అమ్మాయి బల్లకేసి చూసింది. నావైపు చూడలేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టింది, చిన్న చిన్న మాటలు, నాకు కూడా తెలిసిన మాటలు.

"ఆ నెలలో నేను వెళ్ళాను."

"ఆ నెలలో నేను వెళ్ళాను," అన్నాను.

"ఒక్కదాన్నే వెళ్ళాను."

"ఒక్కదాన్నే వెళ్ళాను."

"కాలవ గట్టు మీద నా కాళ్ళు ఆగిపోయాయి."

అన్నాను. అంటున్నప్పుడు అది వాక్యమే. అన్నాక అర్థమైంది.

"నేను కాలవలో పడ్డాను."

ఆ వాక్యం నేను అందుకోలేదు. కాళ్ళకి ఏదో అవుతోందని ఇంట్లో మాకు తెలియకముందు, ఒకరోజు ఆమె మెడదాకా నల్లమట్టితో వచ్చింది. స్కూటరు జారిందంది. నేను బట్టలు నానబెట్టి, స్కూటరు జాగ్రత్తగా నడపమని తిట్టాను.

"తొందర లేదు," అన్నాడు పెద్దాయన.

మా అమ్మాయి తెలుగులో అంది, "అమ్మా. అందుకో."

"నేను కాలవలో పడ్డాను," అన్నాను.

"లేవలేకపోయాను."

"లేవలేకపోయాను."

"నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి. కేకేశాను. పొద్దు వాలింది. గెలలు కోసే ఒక బంగ్లాదేశ్ మనిషి చూసి లాగాడు. అతని పేరు అడగలేదు. మళ్ళీ వెళ్ళలేదు."

ఒక్కో ముక్కా ఆమె అందించింది, ఒక్కో ముక్కా నేను అందుకున్నాను. నేను, నేను అంటూ నా గొంతుతో, నేను పడినట్టు, నేను కేకేసినట్టు చెప్పాను. ఎక్కడా ఆపి ఆమెని అడగడానికి లేదు. అలాంటిది ఎవరికీ జరగకూడదు. కూతురు చావు దాకా వెళ్ళొచ్చిన సంగతి తల్లి మొదటిసారి తన నోటి నుంచే వినకూడదు.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వరండాలో కుర్చీ గోడవారకి తోసి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"స్కూటరు జారినాదన్నావు."

"స్కూటరు కూడా అక్కడే ఉన్నాది కదమ్మా. పూర్తి అబద్ధం కాదు లా."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే మళ్ళీ ఎల్లనిస్తావా? మళ్ళీ ఎల్దామనుకున్నాను. కాళ్ళు బాగవుతాయనుకున్నాను." కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, "తిట్టు. తిట్టెయ్యి ఇప్పుడే. లోపలికి పిలుస్తారు," అంది.

తిట్టలేకపోయాను. స్వెట్టరు జారిపోతుంటే సరిచేశాను.

లోపల వాళ్ళు మంచిగానే చెప్పారు. పని బాగుంది, ఉత్తీర్ణత ఇస్తున్నాం, కానీ ఆ అధ్యాయం ఆ కొలతలు లేకుండా నిలవదు. ఎవరైనా వెళ్ళి వచ్చే ఎండాకాలంలో కొలిచి తేవాలి, లేదా అధ్యాయం తీసేసి మిగతా పుస్తకం సరిచేసి ఇవ్వాలి. అది అన్యాయమని నేననను. లేని కొలత లేదనే అన్నారు.

వచ్చే ఎండాకాలం అన్న మాట దగ్గర ఆ ముగ్గురిలో ఎవరూ మా వైపు చూడలేదు.

"తీసేస్తాను," అంది మా అమ్మాయి.

"తీసేస్తాను," అన్నాను.

అదంతా పుస్తకంలో ఉందిలే, ఎక్కడికీ పోదులే అని ఆమె స్లైడుల్లోంచి తీయించినవాటిలో చాలా భాగం ఆ అధ్యాయానివే. ఇప్పుడు పుస్తకంలోంచి కూడా పోయాయి. గైడు, ఆమె దగ్గర చదివే ఇంకో విద్యార్థి వచ్చి, మిగిలిన అధ్యాయాలు కలిసేటట్టు అతుకులు వేశారు. అది నా వల్ల అయ్యే పని కాదు. వరసల మధ్య ఎడం నాకు తెలుసు, వరసలో ఉన్నది తెలియదు. వాళ్ళు చదివి వినిపించేవాళ్ళు, మా అమ్మాయి ఊ అనేది, కాదనేది. నేను పక్కన ఉండి ఊ అన్నదో కాదన్నదో చెప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున్న ఆమె ఏదో అడిగింది. నాకు తెలియలేదు. మళ్ళీ అడిగింది. తెలియలేదు. నీళ్ళా అన్నాను, దిండా అన్నాను, ఫ్యానా అన్నాను. ఆమె నన్నలా చూసింది. వదిన వచ్చి, "ఏటంటంది?" అంది. నాకు తెలీదు అని మొదటిసారి చెప్పాను.

ఆ తర్వాత కళ్ళతోనే. పాస్టరమ్మ అట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా రాసి ఇచ్చింది. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పోతే, కావలసినదాని దగ్గర ఆమె కళ్ళు మూసేది. ఒక్క మాటకి చాలాసేపు పట్టేది.

పుస్తకం అంతా సిద్ధమైంది, ఇంకేమీ లేదు, మొదట్లో అంకితం పేజీ ఒకటి ఖాళీగా ఉంది, ఎవరికివ్వాలో అమ్మాయినడగండి అని గైడు ఫోను చేసింది. లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని, అట్ట ఆమె ముందు నిలబెట్టి అడిగాను. రెండు అక్షరాలు ఇచ్చింది. 'టు.' ఫలానావారికి అనడానికి ఇంగ్లీషులో ముందు రాసే మాట. అది కొట్టాను. మళ్ళీ మొదటినుంచి వేలు నడిపాను. ఆమె కళ్ళు మూసుకుంది. ఆ అక్షరం దగ్గర కాదు. అలిసిపోయి మూసుకుంది. రేపు సేద్దాంలే అన్నాను.

మర్నాడు ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడికి వెళ్ళాక మాట్లాడడానికి అట్ట కూడా పనికిరాలేదు. ఇంటికి తీసుకొచ్చింది ఆమెని కాదు.

సమాధి చేసిన వారానికి గైడు వచ్చింది. డిగ్రీ ఖాయమైంది, పుస్తకం అచ్చుకి పంపాలి, ఆ పేజీ అలా ఒక్క మాటతో ఉంటే తీసుకోరు, నింపాలి లేదా తీసెయ్యాలి అంది. చాలా నెమ్మదిగా అంది.

"ఏటాలోసిస్తావు?" అంది వదిన. "అమ్మకి అనే అనుంటాది. ఇంకెవరికంటాది? రాసెయ్యి."

కావచ్చు. వాళ్ళ నాన్నకి కూడా కావచ్చు. తిట్టే ఈ అత్తకి కావచ్చు. పేరైనా అడగని ఆ బంగ్లాదేశ్ మనిషికి కావచ్చు. కాలవలోంచి లాగినవాడి సంగతి ఆమె నాకు చెప్పకుండానే దాచుకుంది. ఇంకెవరిని దాచుకుందో నాకేం తెలుసు?

"రాయనంటావేటి? అంత మొండితనమేటి? నీ కూతురు నీకిత్తే తప్పేటి?"

"అది ఇయ్యనేదు వదినా. ఇద్దామని మొదలెట్టినాది."

వదిన ఏడుస్తూ తన ఫ్లాటుకి వెళ్ళిపోయింది. గైడు అలాగే కూర్చుంది. నేను లాప్‌టాపు తెరిచి ఆ రెండు అక్షరాలూ, వాటి చుట్టూ ఉన్న ఆజ్ఞలూ తుడిచేశాను. పేర్చే మీట నొక్కాను. అంకితం పేజీ పోయింది. దాని వెనకున్న విషయసూచిక ఆ చోటులోకి జరిగింది.